అడుగు మెట్లు లేని నిచ్చెన

హనుమకొండలో సుబేదారి అనే పేట వున్నది. నిజాం కాలంలో వరంగల్ సుబాకు పెద్ద అయిన సుబేదారు కొలువు అక్కడ వుండేది కాబట్టి ఆ పేరు వచ్చింది. సుబేదారు పోయి ముప్పావు శతాబ్దం దాటింది, పేరు పోలేదు. పేరు మిగిలినందువల్ల నష్టమేమీ లేదు. వూళ్లకూ పేటలకూ పాత పేర్లు వుండటం అందమే. కాని సుబేదారుతోపాటు అతని పద్ధతి కూడా పోయిందా, లేక పేట పేరులాగా అదీ మిగిలే వున్నదా అన్నది మనం ఆలోచించవలసిన సంగతి. అది మిగిలే వున్నదని నా వాదం. మిగలటమే కాదు, ఈ పదేళ్లలో మరింత బలిసిందని కూడా నా వాదం.

ఈ మాట ఇప్పుడెందుకు రాయవలసి వచ్చిందంటే, మన మిత్రులలోనే కొందరు, అభ్యుదయవాదులమని చెప్పుకునేవారు సైతం, తరచుగా ఒక మాట అంటున్నారు: "రెవెన్యూ శాఖకు పట్టిన జబ్బంతా కిందివాడిది. పట్వారీ, గిర్దావరు, గుమాస్తా - వీళ్లు తినేవాళ్లు. పైన చదువుకున్న అధికారులున్నారు. కిందివాళ్లను తీసేసి, అధికారం పైవాళ్ల చేతిలో పెట్టి, మధ్యన ఒక యంత్రాన్ని అమరిస్తే ప్రజలకు న్యాయం జరుగుతుంది." ఈ వాదం తప్పు. తప్పు మాత్రమే అయితే వూరుకోవచ్చు. ఇది ఆచరణలోకి వచ్చింది, చట్టమయింది, లక్షలాది పేదరైతుల నెత్తిన పడింది. అందుచేత వూరుకోవడానికి వీలులేదు.

నేను ఈ విషయం బయటినుంచి చూసి రాస్తున్నవాణ్ణి కాదు. ముప్ఫయి నాలుగేళ్లు పాత వరంగల్ జిల్లాలోని కచ్చేరీలలో గుమాస్తాగా, తర్వాత కొంచెం పై మెట్టులో పనిచేసి విరమించుకున్నవాణ్ణి. ఫైలు కింద ఎలా పుడుతుందో, పైకి ఎలా పోతుందో, ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. కొన్ని ఫైళ్లు నా బల్లమీదనే ఆగినవి. ఆ పాపంలో నా వాటా నాకున్నది. అది దాచుకుని ఇతరులకు నీతులు చెప్పటం నా వుద్దేశం కాదు.

ముందు ఈ నిచ్చెన ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో చూద్దాం. హైదరాబాదు రాజ్యంలో మొదటి సాలార్‌జంగు 1865లో జిల్లాబందీ చేశాడు. అంతకు పూర్వం శిస్తు వసూలును గుత్తకు పాడుకునేవాళ్లుండేవారు. వాళ్ల బదులు జీతగాళ్లను పెట్టాడు. పైన సుబేదారు, అతని కింద అవ్వల్ తాలూక్‌దారు, దోయం తాలూక్‌దారు, సోయం తాలూక్‌దారు, ఆ కింద తహసీల్‌దారు, గిర్దావరు, చివరకు వూళ్లో పటేలు, పట్వారీ, వాళ్ల వెనక చావడిలో షేక్‌సింధీ. అవ్వల్ తాలూక్‌దారే తర్వాత కలెక్టరయ్యాడు. గుత్తదారు కంటె జీతగాడు మేలు, నిజమే. కాని ఏ పనికోసం ఈ వరస ఏర్పడింది? శిస్తు పైకి పోవటానికి, హుకుం కిందికి రావటానికి. రైతు మొర పైకి పోయే దారి ఇందులో లేదు. నిర్మాతకు ఆ వుద్దేశమే లేదు. అది మరిచిపోయిందికాదు, అక్కర్లేక పెట్టనిది.

శిస్తు అనేది ప్రభుత్వాదాయంలో లెక్కలోకి రాకుండా పోయి చాలాకాలమైంది. అయినా శాఖ పేరు రెవెన్యూ శాఖ. అధికారి పేరు కలెక్టరు - వసూలు చేసేవాడని అర్థం. ఇప్పుడేమి వసూలు చేస్తున్నాడు? వసూలు చేసేదేమీ లేదు. కాని జిల్లాలో ఏ కమిటీ పేరు చెప్పినా అధ్యక్షుడతడే. బడి, ఆసుపత్రి, ధాన్యం కొనుగోలు, ఇసుక, ఎన్నికలు, వరద, జాతర - ఏది జరిగినా ముందు వరసలో కుర్చీ అతనిది. సమ్మక్క జాతరకు కోటిమంది వచ్చినా, ఎండాకాలంలో ఒక తండాకు నీళ్లు రాకపోయినా సంతకం ఒకటే. ఒక మనిషికి ఇన్ని పనులు పెట్టడమంటే ఏ పనికీ అతన్ని అడగకుండా చేయటమన్నమాట. అన్నిటికీ బాధ్యుడైనవాడు దేనికీ బాధ్యుడు కాడు.

పైన ఏముందో చూడండి. పూర్వం బోర్డ్ ఆఫ్ రెవెన్యూ వుండేది. నలుగురు కలిసి కూర్చుని అప్పీళ్లు వినే సంప్రదాయం దానిది. 1977లో చట్టం చేసి దాన్ని తీసివేసి కమిషనర్లను పెట్టారు. ఇప్పుడు శాఖకు పెద్ద భూపరిపాలన ప్రధాన కమిషనరు. తెలంగాణ ఏర్పడిన కొద్దికాలానికే ఆ కుర్చీకి విడిగా అధికారి లేకుండాపోయి, ఏళ్లతరబడి ఇన్‌ఛార్జి పాలన సాగింది. ఒకదశలో రాష్ట్రప్రభుత్వ ప్రధాన కార్యదర్శే ఆ బాధ్యత కూడా మోశాడు. శాఖలో అప్పీలుకు చివరి మెట్టుగా వుండవలసిన మనిషి మొత్తం ప్రభుత్వానికే ప్రధాన కార్యదర్శి అయితే అప్పీలు ఎవరికి చెప్పుకోవాలి? తీర్పు చెప్పవలసినవాడూ ఆజ్ఞ ఇచ్చినవాడూ ఒకడే అయినప్పుడు అప్పీలు అనే మాటకు అర్థమేముంది?

ఇక జిల్లాల సంగతి. 2016 అక్టోబరు 11న పది జిల్లాల తెలంగాణ ముప్ఫయ్యొక్క జిల్లాలైంది, 2019లో ముప్ఫయిమూడయింది. మా పాత వరంగల్ జిల్లా మొదట అయిదు ముక్కలై, 2019 ఫిబ్రవరిలో ములుగు విడిపోవటంతో ఆరయింది: హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి, ములుగు. పాలన ప్రజల ముంగిటికి వస్తుందన్నారు. నేనూ సంతోషించినవాణ్ణే. ఏటూరునాగారం అడవిలోనుంచి కోయ రైతు ఒకడు హనుమకొండ దాకా వచ్చి, కలెక్టరు లేడని విని మెట్లమీద పడుకుని తెల్లవారి బస్సుకు పోవటం నేను కళ్లారా చూశాను. అతనికి ములుగు దగ్గర. ఆ మేరకు మేలు మేలే, కాదనేవాడు మూర్ఖుడు.

కాని దూరాన్ని మైళ్లతో మాత్రమే కొలవకూడదు. అర్జీ చేతిలో పట్టుకుని నిలబడినవాడికీ, దానిమీద నిర్ణయం రాసేవాడికీ మధ్య ఎన్ని తలుపులున్నాయో అదీ దూరమే. జిల్లాలు ఆరైనాయి. ఆరుగురు కలెక్టర్లు వచ్చారు. 2020 ఫిబ్రవరిలో జాయింటు కలెక్టరు పదవిని మార్చి, రెవెన్యూకు ఒక అదనపు కలెక్టరునూ, స్థానిక సంస్థలకు మరొక అదనపు కలెక్టరునూ పెట్టారు. సమీకృత కలెక్టరేట్లు కట్టారు. అదే ఏడాది సెప్టెంబరులో వూళ్లో వున్న గ్రామ రెవెన్యూ అధికారిని రద్దుచేశారు! పైన మెట్లు పెరిగాయి, అడుగున మెట్టు తీసేశారు. అది ఎంత గొప్ప నిచ్చెన అయితేనేమి, నేలమీద నిలబడ్డవాడి కాలికి అందనప్పుడు?

మా నగరం కథ ఇంకొక వింత. హనుమకొండ, కాజీపేట, వరంగల్ - మూడూ కలిసిపోయిన ఒకే నగరం. ఒకే కార్పొరేషను. దాన్ని రెండు జిల్లాలకింద చీల్చారు. మొదట అర్బన్, రూరల్ అన్నారు. 2021 జూన్ 21న హనుమకొండలో కొత్త కలెక్టరేటు ప్రారంభించిన రోజున ఆ పేర్లు మార్చుతామన్నారు. ఆగస్టులో హనుమకొండ, వరంగల్ అని మార్చారు. అవతలి వీధివాడికి ఒక కలెక్టరు, ఇవతలి వీధివాడికి మరొక కలెక్టరు. అదే నగరంలో పోలీసు శాఖను మాత్రం చీల్చలేదు. హనుమకొండ, వరంగల్, జనగామ - మూడు జిల్లాలకూ కలిపి ఒకే కమిషనరేటు! ప్రజలకు పని జరగవలసిన చోట విభజన, ప్రజలను అదుపులో వుంచవలసిన చోట ఏకత. ఇది యాదృచ్ఛికమని ఎవరైనా అంటే వారి అమాయకత్వానికి నా నమస్కారం.

వరంగల్ జిల్లా కలెక్టరేటుకు ఏ స్థలం ఎంచుకున్నారో తెలుసా? ఆజంజాహీ మిల్లు స్థలం. 1930లలో పుట్టి వేలాదిమందికి అన్నం పెట్టిన మిల్లు అది. 2002లో మూతపడింది. వేలమంది కార్మికులు సైరన్ కూతకు లోపలికి నడిచిన నేలమీద ఇప్పుడు అర్జీదారులు వరసకట్టాలి. పని పోయినచోట పరిపాలన మొలవటం మన కాలపు అభివృద్ధికి మంచి గుర్తు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కిందివాడు తినలేదా? తిన్నాడు. ఇందులో నాకెవరితోనూ వాదం లేదు. మా తెలంగాణలో పట్వారీ అంటే ఏమిటో ఇంకొకరు చెప్పవలసిన పనిలేదు. పహాణీలో ఒక గీత అటునుంచి ఇటు గీస్తే కౌలుదారు కూలివాడయ్యేవాడు. వెట్టి, నాగు, లెవీ - అన్నిటికీ లెక్క రాసినవాడు పట్వారీయే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటినుంచి 1951 దాకా సాగిన పోరాటంలో రైతులు దొరల గడీలతోపాటు పటేలు పట్వారీల దస్త్రాలను కూడా ఎందుకు తగలబెట్టారు? ఆ కాగితంలోనే తమ బానిసత్వం వున్నదని వాళ్లకు తెలుసు కాబట్టి. ఆ కడవెండి ఆనాడు నల్లగొండ జిల్లా, తర్వాత వరంగల్ జిల్లా, ఇప్పుడు జనగామ జిల్లా. మూడు జిల్లాల బోర్డులు మారాయి. కాగితం ఎవరి చేతిలో వుండాలన్న ఆనాటి ప్రశ్న మాత్రం మారలేదు.

1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వంశపారంపర్యపు పటేలు, పట్వారీ, కరణం, మునసబు పదవులను రద్దుచేసింది. ఆ మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అది మంచిపని. పదవి పుట్టుకతో వచ్చే హక్కు కాదని చెప్పిన పని అది. దానికీ 2020లో జరిగినదానికీ పోలిక తెచ్చేవాళ్లున్నారు. పోలిక లేదు. 1984లో పోయింది వంశాధికారం. 2020లో పోయినవాడు జీతం తీసుకునే, బదిలీ అయ్యే, శిక్షించడానికి వీలైన ప్రభుత్వోద్యోగి. అతడు తప్పుచేస్తే అతణ్ణి శిక్షించాలి. అతని పని వుండాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకునేవాణ్ణి మనమేమంటాం?

2020 సెప్టెంబరు 7న, ఒక్కరోజులో, రాష్ట్రంలోని గ్రామ రెవెన్యూ అధికారులందరూ దస్త్రాలను తహసీల్దార్లకు అప్పగించాలని ఆజ్ఞ వచ్చింది. ఆ నెలలోనే చట్టం వచ్చింది. అయిదువేలమందికి పైగా వున్న ఆ వుద్యోగులు దాదాపు రెండేళ్లు పనిలేకుండా జీతం తీసుకున్నారు. 2022లో లాటరీ తీసి వాళ్లను వేర్వేరు శాఖలలో సర్దారు. భూమి కొలత తెలిసినవాడు మరొక శాఖలో ఇంకొకరి ఫైళ్లు మోస్తున్నాడు. 2023లో ఇరవైవేలకు పైగా గ్రామ రెవెన్యూ సహాయకులనూ అలాగే సర్దారు. వీరిలో ఎక్కువమంది దళిత, వెనుకబడిన కులాలవారు. వీళ్ల తాతలు షేక్‌సింధీలుగా, మస్కూరీలుగా చావడిముందు కట్టె పట్టుకుని నిలబడినవారు. వాళ్లకు స్కేలు రావటం న్యాయం, ఆలస్యంగా జరిగిన న్యాయం. కాని వూరికి మిగిలిందెవరు? ఏ పొలం ఎవరు దున్నుతున్నారో కళ్లతో చూసి చెప్పగల ప్రభుత్వపు మనిషి ఒక్కడూ మిగలలేదు.

అతని స్థానంలో 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. యంత్రానికి నేను శత్రువును కాను. చేతిరాత పహాణీలో రాత్రికి రాత్రి గీతలు మారటం చూసినవాణ్ణి. యంత్రం ఆ పని చేయనివ్వదంటే మొదట చప్పట్లు కొట్టింది నేనే. కాని యంత్రానికి తాళంచెవి వుంటుంది. ఆ తాళంచెవి ఎవరికిచ్చారు? రిజిస్ట్రేషను, మ్యుటేషను తహసీల్దారుకిచ్చారు. తప్పు దిద్దే అధికారం మాత్రం జిల్లాకంతటికీ ఒక్క కలెక్టరుకిచ్చారు. 2017 సెప్టెంబరునుంచి డిసెంబరుదాకా వందరోజుల హడావిడిలో చేసిన భూరికార్డుల ప్రక్షాళనలో దొర్లిన తప్పులన్నీ అలాగే యంత్రంలోకి ఎక్కాయి. వివాదమున్నవాటిని పార్టు-బి అని పక్కన పెట్టారు. అనుభవదారు కాలమ్ ఎత్తివేశారు; కౌలుదారు కాగితంమీద కనిపించకుండా పోయాడు. రెవెన్యూ కోర్టులను ఎత్తివేశారు. వాటిలో పెండింగులో వున్న కేసులను ట్రిబ్యునళ్లకు పంపారు; ఆ ట్రిబ్యునలు అధ్యక్షుడూ మళ్లీ కలెక్టరే! వాదనలు సరిగా వినకుండానే కేసులు తేల్చేశారన్న ఫిర్యాదులు హైకోర్టుదాకా పోయి, మళ్లీ వినవలసిందని హైకోర్టు చెప్పవలసి వచ్చింది. సాదాబైనామాల కింద 2020లో దరఖాస్తు పెట్టుకున్నవారు సుమారు 9 లక్షలు. తెల్లకాగితంమీద కొనుక్కున్న చిన్నరైతులు వీరు. చట్టంలో దారి లేక ఏళ్లతరబడి ఎదురుచూశారు. పాసుపుస్తకం లేనివాడికి రైతుబంధు దక్కలేదు, రైతుబీమా దక్కలేదు, బ్యాంకులో అప్పు దొరకలేదు.

మా మేనత్త సంగతి చెబుతాను. వూరిపేరు, ఆఫీసుపేరు చెప్పను. ఇది ఒక్క ఆఫీసు సంగతి కాదు కనుక. ఆమెకు ఎకరం పన్నెండు గుంటల భూమి. మామ చనిపోయాక నలభై ఏళ్లుగా ఆమే సేద్యం చేసుకుంటున్నది. ఆ సర్వేనెంబరులో మరొక భాగం ఎన్నడో కాలువ కింద పోయింది. పోయిన భాగానికి బై నెంబరు వేసి విడదీయవలసింది పోయి, మొత్తం సర్వేనెంబరును నిషేధిత జాబితాలో పెట్టారు. ఆమె భూమి కళ్లముందే వున్నది, మొక్కజొన్న వేసింది, పంట వచ్చింది, యంత్రంలో మాత్రం అది సర్కారు భూమి.

మొదట మండలాఫీసుకు పోయాం. "మా లాగిన్‌లో ఆ ఆప్షను లేదు, కలెక్టరుగారికే వున్నది" అన్నారు. మీసేవలో డబ్బు కట్టి దరఖాస్తు పెట్టాం. అప్పటికి ముప్ఫయికి పైగా మాడ్యూళ్లున్నాయి. ఏది మాదో తేల్చుకోవటానికి రెండుసార్లు డబ్బు కట్టాం. సోమవారం ప్రజావాణికి పోయాం. అర్జీ తీసుకున్నారు, నెంబరిచ్చారు. ఆ అర్జీ ఎక్కడికి పోయిందనుకున్నారు? "తగు చర్య నిమిత్తం" అని ముద్రపడి ఏ మండలాఫీసునుంచి మేము వచ్చామో ఆ మండలాఫీసుకే వచ్చింది! అక్కడ "స్థానిక విచారణ జరపవలసి వున్నది" అని రాశారు. విచారణకు పోయేవాడు లేడు, వుండవలసినవాణ్ణి రద్దుచేశారు. ఒక్క గిర్దావరుకు మండలంలో సగం వూళ్లు. అతడు వచ్చేలోపల కలెక్టరు బదిలీ అయ్యాడు. కొత్త కలెక్టరు వచ్చి పెండింగు అర్జీలను తగ్గించమన్నాడు. మా అర్జీ "తిరస్కరించబడినది" అని ఫోనుకు సందేశం వచ్చింది. కారణం లేదు. ఎవరు తిరస్కరించారో పేరు లేదు. పెండింగు మాత్రం తగ్గింది.

ఆ రోజు మా మేనత్త నన్నడిగింది: "అల్లుడా, ముప్ఫై నాలుగేండ్లు గా కచ్చేరీలనే పనిజేస్తివి గదా. నా భూమి ఎవలు తీసుకున్నరో, ఎవలనడగాల్నో నువ్వన్న జెప్పరాదూ?"

నేను చెప్పలేకపోయాను. పట్వారీ కాలంలో అయితే చెప్పగలిగేవాణ్ణి. ఫలానావాడు తిన్నాడు, వాడి అరుగుమీద కూర్చుని కొట్లాడుదాం అనేవాణ్ణి. ఇప్పుడు కొట్లాడటానికి మనిషి దొరకడు. పట్వారీ లంచం తీసుకున్నాడన్న కోపంతో మనం ఒప్పుకున్న మార్పు మనల్ని ఎక్కడికి తెచ్చిందో గమనించండి: లంచం మాయం కాలేదు, మనిషి మాయమయ్యాడు.

మనిషి మాయమైనప్పుడు కోపం ఎటు పోతుంది? ఎదురుగా వున్నవాడిమీదికి పోతుంది. 2019 నవంబరులో అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారును ఆమె ఆఫీసు గదిలోనే పెట్రోలు పోసి కాల్చి చంపారు. ఆమెను కాపాడబోయిన డ్రైవరూ చనిపోయాడు, నిప్పుపెట్టినవాడూ చనిపోయాడు. ఆ ఘాతుకాన్ని సమర్థించే మాట నా నోట రాదు. కాని దాని తర్వాత జరిగిందేమిటి? పై మెట్లలో ఎవరైనా, ఒక భూమి తగాదా హత్యదాకా ఎందుకు పోయింది, ఈ శాఖలో రైతు మాట వినే చోటు ఎక్కడ లేకుండా పోయింది అని తమను తాము ప్రశ్నించుకున్నారా? లేదు. శాఖ చెడ్డదన్నారు, కిందివాళ్లు చెడ్డవాళ్లన్నారు, పది నెలలు తిరిగేసరికి కింది మెట్టు కొట్టేశారు. తహసీల్దారు గదికీ జనానికీ మధ్య తాళ్లు కట్టిన ఆఫీసులను ఆ రోజుల్లో నేనే చూశాను.

"అయితే కలెక్టర్లలో మంచివాళ్లు లేరా?" అని అడుగుతారు. ఉన్నారు. వరంగల్‌లో పనిచేసిన కొందరిని జనం ఇప్పటికీ తలుచుకుంటారు. నాకు తెలిసిన ఒక యువ అధికారి రాత్రి పదకొండుదాకా ఫైళ్లు చూసేవాడు. కాని మంచివాడు వచ్చినప్పుడు న్యాయం, మరొకడు వచ్చినప్పుడు అన్యాయం అయితే అది పరిపాలన కాదు, జాతకం. పైగా ఆ అధికారి చేతులు కూడా కట్టేసి వున్నాయి. ఏడాదికో రెండేళ్లకో బదిలీ. మంత్రికి నచ్చకపోతే ఇంకా ముందే. కిందికి నిరంకుశుడు, పైకి జీతగాడు. ప్రజలకు జవాబు చెప్పనక్కరలేదు. పైవాడికి మాత్రం రోజూ జవాబు చెప్పాలి. ఇటువంటి ఏర్పాటులో సజ్జనుడు కూడా అలిసిపోయి లెక్కలు పంపేవాడవుతాడు.

"ప్రజలు ఎన్నుకున్న సంస్థలు వున్నాయి కదా?" అంటారు. ఏవి? 2024 ఫిబ్రవరిలో పంచాయతీల గడువు తీరింది. 2025 డిసెంబరుదాకా ఎన్నికలు లేక ప్రత్యేకాధికారులు పాలించారు. 2024 జూలైలో జిల్లా పరిషత్తుల గడువు తీరితే వాటినీ కలెక్టర్లకే అప్పగించారు. కలెక్టరును అడగవలసిన సభకు కలెక్టరే పెద్ద! సుబేదారు కూడా ఇంత సౌకర్యం ఎరగడు.

న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటున్నది. ఈ తప్పును ప్రభుత్వం కొంతవరకు దిద్దింది. 2024 మార్చిలో ప్రత్యేక కార్యక్రమం పెట్టి, దిద్దే అధికారాలను తహసీల్దారు, ఆర్డీవో, అదనపు కలెక్టర్ల మధ్య పంచారు. 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమలులోకి వచ్చింది. అప్పీలుకు మెట్లు తిరిగివచ్చాయి. 2025 జూన్‌లో వూరూరా రెవెన్యూ సదస్సులు పెడితే 8 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరులో సుమారు అయిదువేలమంది గ్రామపాలనాధికారులకు నియామకపత్రాలిచ్చారు. వీళ్లలో చాలామంది అంతకు పూర్వం రద్దయిన ఆ గ్రామ రెవెన్యూ అధికారులు, సహాయకులే. అయిదేళ్లు తిరిగి, తీసేసినవాణ్ణే మళ్లీ పిలిచారు. రాష్ట్రంలో రెవెన్యూ గ్రామాలు పదివేలకు పైన, మనుషులు సగం.

మిత్రులు దీన్ని చూసి, "చూశావా, సమస్య తీరింది" అంటున్నారు. తీరలేదు. ఆ 8 లక్షల దరఖాస్తులే నా వాదానికి రుజువు. కాని తీసిన మెట్టును మళ్లీ పెట్టినంతమాత్రాన నిచ్చెన మనదైపోదు. ఇది మన అధికారులు ఇచ్చిన మెట్టు. రేపు మళ్లీ తీయవచ్చు. ఆ మనిషికి మళ్లీ పాత పనే, పైకి నివేదిక పంపటం. వూరికి అతను జవాబు చెప్పాలన్న నియమం ఎక్కడున్నది? కనుక అడగవలసింది "మెట్లెన్ని?" అని కాదు. "ఈ నిచ్చెన ఎటువైపు ఎక్కడానికి?" అని.

నేను అడిగేవి గొప్ప విప్లవపు కోరికలు కావు. పాత కాలంలో జమాబందీ అని వుండేది. ఏటా వూరి లెక్కలన్నీ తెచ్చి పై అధికారిముందు సరిచూసేవారు. ఆ జమాబందీని పై అధికారిముందు కాక గ్రామసభముందు జరపండి. ఏటా ఒకరోజు వూరి రికార్డు మొత్తం, ఒక్కొక్క సర్వేనెంబరు, వూరందరూ వినేట్లు పెద్దగా చదవండి. కౌలుదారు పేరుతో సహా. నూరుమంది చెవులముందు చదివిన అబద్ధం నిలవదు. రెండోది, తిరస్కరించిన ప్రతి అర్జీమీదా కారణం, తేదీ, తిరస్కరించినవాడి పేరు తెలుగులో రాసివ్వండి. మూడోది, ఏ అధికారిమీద ఫిర్యాదో ఆ అధికారికే దాన్ని పంపే పద్ధతి మానండి. నాలుగోది, రెవెన్యూ శాఖ చేసిన తప్పును రెవెన్యూ శాఖే విచారించటం న్యాయం కాదు. ఆఖరి అప్పీలు ఆ శాఖకు వెలుపల వున్న న్యాయాధికారి వినాలి, పేదరైతుకు వకీలును ప్రభుత్వమే ఇవ్వాలి. అయిదోది, కలెక్టరుకు నిర్ణీతకాలం వుండాలి. ఆ కాలంలో ఎన్ని అర్జీలు తీర్చాడన్న లెక్కతోపాటు ఎన్ని తిరిగి వచ్చాయన్న లెక్క కూడా ఎన్నికైన జిల్లా పరిషత్తుముందు అతడే వచ్చి చెప్పాలి.

చివరగా నా పాత సహోద్యోగులకు ఒక మాట. మన సంఘాలు జీతాలకూ బదిలీలకూ బాగానే పోరాడాయి. 2020లో మనవాళ్ల వుద్యోగం పోయినప్పుడు వూళ్లో ఒక్క రైతు కూడా మన పక్షాన నిలబడలేదు. ఎందుకు నిలబడతాడు? మనం ఏనాడైనా అతని పక్షాన నిలబడ్డామా? బల్ల ఇవతల కూర్చున్నంతకాలం మనం కూడా చిన్న సుబేదారులమే. బల్ల అవతలికి పోయిన తర్వాత నాకు తెలిసివచ్చింది. అంతదాకా ఆగకండి.

మా మేనత్త జూన్‌లో జరిగిన సదస్సులో మళ్లీ దరఖాస్తు పెట్టింది. ఈసారి తీసుకున్నవాడు వూరివాళ్లు ఎరిగిన మనిషి. అతని పేరు అడిగి తెలుసుకున్నది. ఫోను నెంబరు గోడమీద బొగ్గుతో రాసుకున్నది. ఎకరం పన్నెండు గుంటలు ఇంకా యంత్రంలోకి రాలేదు. ఆమె మాత్రం, "అడగనీకె మనిషి దొరికిండు" అంటున్నది. ఇన్నేళ్ల సంస్కరణల తర్వాత ఆమెకు దక్కింది అంతే. అది చాలదని చెప్పటానికే ఈ వ్యాసం.